మంచికాలి కొలత

భుజం నొప్పి అని ఎవరైనా మెట్లెక్కి వస్తే పంకజాక్షి ముందుగా భుజాన్ని ముట్టుకోదు. "మీ మగ్గం యాడుండాది?" అని అడుగుతుంది.

నగరిలో నూలంగడి మేడమీద ఆమెవి రెండు గదులు. ఒకదాంట్లో రెండు బల్లలు, కరెంటు పెట్టె ఒకటి, గోడకు వేలాడే రబ్బరు పట్టీలు. రెండోది ఖాళీ గది. దెబ్బలు తగిలిన పిల్లలూ, ఆటలాడేవాళ్లూ మళ్లీ నడవడం, దూకడం నేర్చుకునేది అందులోనే. బోర్డు మీద ఫిజియోథెరపిస్టు అని ఉంటుంది గానీ ఊరందరికీ ఆమె పంకజక్క.

జయచంద్ర రెండు మరమగ్గాలు నడిపే మనిషి. కుడిభుజం లేవక ఆరునెలలు నూనెలు రాయించుకుని, సూదులు పొడిపించుకుని, చివరికి ఆమె దగ్గరికి వచ్చాడు. ఆమె అతని వెంట షెడ్డుకు వెళ్లి తలుపు దగ్గర స్టూలేసుకుని గంటసేపు కూర్చుంది. నూలు తెగినప్పుడల్లా అతను మగ్గం ఆపడానికి తలకంటే ఎత్తున ఉన్న స్విచ్చిని అందుకుంటున్నాడు. మర్నాడు ఎలక్ట్రీషియన్ను పిలిపించి స్విచ్చిని నడుమెత్తుకు దించమంది. వ్యాయామం ఆ తరవాతే మొదలుపెట్టింది. "నా భుజానికి మందు స్క్రూడ్రైవరప్పా!" అని జయచంద్ర ఇప్పటికీ టీ అంగట్లో చెప్పి నవ్విస్తుంటాడు.

ఈ పనిలో సగమే ఆమెకు పుస్తకాలు నేర్పినది. మిగతా సగం నాయన కుప్పుస్వామి మగ్గం దగ్గర నేర్చుకుంది. చిన్నప్పుడు ఆయన ఆమెను కళ్లు మూసుకోమని, పడుగు మీద అరచెయ్యి జార్చమనేవాడు. "యాడ వదులుండాదో చెప్పు పాపా" అనేవాడు. వందల పోగుల్లో ఒక్క వదులు పోగును వేలికొసతో పట్టేసేది. ఆ నాయనకే నలభై అయిదేళ్లకు భుజం బిగుసుకుపోయింది. ఒకరు వేడి ఇటుక పెట్టమన్నారు, ఇంకొకరు అసలు కదపొద్దన్నారు. కదపక కదపక ఆ చెయ్యి మళ్లీ లేవలేదు. కదపకపోతే ఏమవుతుందో ఆయనకు ఎవరూ విడమరిచి చెప్పలేదు.

తిరుపతిలో చదివి, అక్కడే ఒక ఆసుపత్రిలో ఎనిమిదేళ్లు పనిచేసి, నగరికి తిరిగొచ్చినప్పుడు పంకజాక్షి ఒక నియమం పెట్టుకుంది. ఎందుకో చెప్పకుండా ఎవరిచేతా ఏదీ చేయించకూడదు. అయిదేళ్ల పిల్లకైనా సరే, ఈ ఎముక ఇక్కడ, ఈ కండ ఇక్కడ, ఇది బలపడితే అది నిలుస్తుంది అని చెప్పాల్సిందే.

ఐశ్వర్య వచ్చినప్పుడూ అన్నీ చెప్పింది.

ఐశ్వర్యకు పదహారేళ్లు. కబడ్డీలో కూతకు వెళ్లిందంటే నలుగురు పట్టినా జారిపోయే పిల్ల. కిందటేడు చిత్తూరులో రాష్ట్ర జట్టుకు ఎంపికలు జరుగుతుండగా, అందరి కళ్లముందే ఎడమ మోకాలు మెలిపడి కూలిపోయింది. లోపల నరంలాంటి కట్టు తెగిందన్నారు. తిరుపతిలో ఆపరేషన్ అయింది. నాలుగో వారంలో వాళ్ల నాయన తులసీరాం ఆమెను చంకకిందికి చెయ్యేసి మెట్లెక్కించాడు. తులసీరాం, పంకజాక్షి ఒకే వీధిలో పుట్టిపెరిగినవాళ్లు. ఆమె అతన్ని తులసన్నా అంటుంది.

"పంకజా, దీన్ని నీ చేతిలో పెడతాండా. మళ్లా ఆడించి ఇయ్యి" అన్నాడు.

"తొమ్మిది నెలలు పడతాది అన్నా. మధ్యలో తొందర పెట్టకూడదు."

"నేనేం తొందర పెడతానమ్మే! కడుపులో మోసిన దానికే తొమ్మిది నెలలు ఆగినాం" అని నవ్వాడు.

ఆటలో దెబ్బతిన్నవాళ్ల కోసం పంకజాక్షికి ఒక పద్ధతి ఉంది. మరమగ్గం మీంచి దిగిన తెల్ల గుడ్డలోంచి రెండు మీటర్ల పట్టీ చించి, మనిషికొకటి గోడకు వేలాడదీస్తుంది. నెలకోసారి పరీక్ష. ఒంటికాలి మీద నిలబడి, ముందుకు దూకి, అదే కాలిమీద దిగి, తూలకుండా నిలవాలి. దూకిన దూరాన్ని టేపుతో కొలిచి, ఆ సాయంత్రం పట్టీ మీద అంత దూరంలో దారంతో ముడి కుడుతుంది. దెబ్బకాలికి ఎర్రదారం, మంచికాలికి నీలందారం. కాగితం మీది అంకె ఎవరి కంటికీ ఆనదు గానీ, ఎర్రముడి నెలనెలా నీలం ముడి దగ్గరికి పాక్కుంటూ రావడం చూస్తే మనిషికి ధైర్యం వస్తుంది.

"మంచికాలు వంద దూకితే దెబ్బకాలు తొంభై అయినా దూకాల. అప్పుడే ఆటకు పంపిస్తా" అని మొదటి నెలల్లోనే ఐశ్వర్యకు చెప్పింది.

ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "అట్లయితే మంచికాల్ని మెల్లగా దూకిస్తే సరిపోతాది కదక్కా?" అంది.

"దొంగముఖమా!" అని పంకజాక్షి ఆమె నెత్తిన మొట్టి, కడుపుబ్బ నవ్వింది. ఆ మాటను రెండు మూడు రోజులు వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంది కూడా, తెలివిగల పిల్ల అని.

పిల్ల కష్టపడింది, అందులో అబద్ధం లేదు. గోడకు వీపానించి కుర్చీలో కూర్చున్నట్టు నిలబడి, తొడలు వణుకుతున్నా పళ్లు బిగబట్టేది. మెట్లు ఎక్కడం, దిగడం, బంతి మీద నిలబడటం, ఏదీ రెండోసారి చెప్పించుకోలేదు. పంకజాక్షికి పిల్లలు లేరు. సాయంత్రం ఆఖరి మనిషి వెళ్లాక ఇద్దరూ కలిసి బొరుగులు తినేవాళ్లు. కానీ జూన్ నెలంతా ఐశ్వర్య కనబడలేదు. సత్యవేడులో పెద్దమ్మ ఇంటికి వెళ్లానని జులైలో వచ్చి చెప్పింది. ఎడమ తొడ మీద చెయ్యి వేయగానే పంకజాక్షి వేళ్లకు వదులు తెలిసిపోయింది.

"ఈ నెల ఊరికే కూసున్నావు కదా?"

"కొంచెం కొంచెం చేసినానక్కా."

ఆగస్టులో మళ్లీ ఎంపికలు వచ్చాయి. రాష్ట్ర జట్టుకు తీసుకుంటే హాస్టల్లో సీటు, చదువు, తిండి అన్నీ వాళ్లవే. కిందటేడు ఆ పిల్ల పడిపోవడం కళ్లారా చూసిన ఎంపికల పెద్ద జయరావు సారు, వైద్యం చేసినవాళ్లు ఆడొచ్చని రాసిస్తే తప్ప గీత లోపలికి రానివ్వనన్నాడు.

ఎంపికలకు ముందురోజు, శనివారం పొద్దున, తండ్రీకూతుళ్లు వచ్చారు. తొమ్మిది నెలలు నిండాయి. గదినిండా జనం. బల్ల మీద ఒకరు, బెంచీ మీద నలుగురు. పంకజాక్షి టేపు పరిచింది. ఎడమకాలు నూట ఇరవైఆరు సెంటీమీటర్లు. తూలలేదు, చక్కగా నిలబడింది.

"ఇంక మంచికాలు."

సరిగ్గా అప్పుడే తులసీరాం గొంతెత్తాడు. "పంకజా, నువ్వు చిన్నప్పుడు తొక్కుడుబిళ్లలో గీత తొక్కి, తొక్కలేదని గుడికాడ ఒట్టు పెట్టినావే, గుర్తుండాదా?" బెంచీ మీదివాళ్లు పకపకా నవ్వారు. పంకజాక్షి కూడా వెనక్కి తిరిగి, "ఒట్టు పెట్టింది నువ్వన్నా, నేను కాదు" అంది. తిరిగి చూసేసరికి ఐశ్వర్య దూకి నిలబడి ఉంది. నూట ముప్ఫైనాలుగు.

లెక్క వేసింది. నూటికి తొంభైనాలుగు. ఇంకోసారి దూకించింది. అంతే వచ్చింది. పిల్ల కళ్లనిండా నీళ్లు పెట్టుకుని ఆమె మెడను వాటేసుకుంది. పంకజాక్షి ఉత్తరం రాసి సంతకం పెట్టింది. అన్నేళ్లలో పట్టీ కుట్టకముందు సంతకం పెట్టడం అదే మొదటిసారి.

సాయంత్రం సూదిలో ఎర్రదారం ఎక్కించి నూట ఇరవైఆరు దగ్గర ముడి కుట్టింది. తరవాత నీలం. టేపు పెట్టి చూసింది. వేలు ఆగిపోయింది. ఈ నెల నీలం ముడి పడాల్సిన చోటు పాత నీలం ముళ్లన్నిటికీ వెనక ఉంది. మేలో ఇదే కాలు నూట యాభైరెండు దూకింది.

కండ ఇంకా పెరగాల్సిన వయసు, దెబ్బ తెలియని కాలు. అది జానెడంత వెనక్కి ఎలా పోతుంది?

నూట యాభైరెండుకు నూట ఇరవైఆరు అంటే నూటికి ఎనభైమూడు. ఆ మోకాలితో కూతకు వెళ్లి, నలుగురి మధ్య ఒక్కసారి గిరుక్కున తిరిగితే చాలు, కుట్టిన కట్టు మళ్లీ తెగుతుంది. పదహారేళ్ల పిల్లకు రెండోసారి తెగితే ఆటే కాదు, ముప్ఫై ఏళ్లు రాకముందే మోకాలు అరిగిపోతుంది.

పొద్దుటి నవ్వులు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. తొక్కుడుబిళ్ల మాట ఎందుకు వచ్చిందో, ఎప్పుడు వచ్చిందో. ఫోను చేసింది, తులసీరాం ఎత్తలేదు. ఇంటికి వెళ్లింది, తాళం వేసి ఉంది. మధ్యాహ్నమే చిత్తూరు పోయినారని పక్కింటివాళ్లు చెప్పారు.

ఆదివారం మొదటి బస్సుకు ఆమె చిత్తూరు బయల్దేరింది. ఒడిలో చుట్టచుట్టిన గుడ్డపట్టీ. దారంతా తన లెక్కే తప్పయి ఉండాలని కోరుకుంది.

మైదానంలో సున్నంతో గీతలు గీశారు. మొదటి బ్యాచి ఆడుతోంది. ఐశ్వర్య మోకాలికి క్యాపు తొడుక్కుని తరవాతి బ్యాచిలో నిలబడి ఉంది. పంకజాక్షిని చూడగానే తల దించేసుకుంది. లెక్క తప్పు కాదని అక్కడే తేలిపోయింది.

తులసీరాం పరుగున వచ్చాడు. "ఈడికెందుకొచ్చినావు మే?"

"నీకు ముందే తెలుసు కదన్నా?"

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఒక్క పూట. అంతే. సీటొస్తే ఆ తరవాత ఆర్నెల్లు నువ్వు చెప్పినట్టు పడుంటాది."

"మోకాలికి పూటలు తెలీవన్నా."

"నా బిడ్డ మోకాలి మీద నాకు లేని బాధ నీకేంది?"

ఆమె అతన్ని దాటుకుని ఐశ్వర్య దగ్గరికి వెళ్లింది. "నువ్వే వెనక్కి రా పాపా. నేనెవరికీ ఏమీ చెప్పను."

ఐశ్వర్య కదల్లేదు. "నువ్వు చెప్పిన లెక్కే కదక్కా. తొంభై దాటింది" అంది, నేలవైపు చూస్తూ.

లోపల విజిల్ మోగింది. రెండో బ్యాచిని పిలుస్తున్నారు. పంకజాక్షి నేరుగా జయరావు సారు బల్ల దగ్గరికి నడిచింది.

"సార్, ఐశ్వర్యకు రాసిచ్చిన కాగితం వెనక్కి ఇప్పించండి. నా కొలత తప్పింది."

ఆయన కళ్లద్దాల మీంచి ఆమెనూ, ఆమె చేతిలోని పట్టీనీ, దూరంగా బిగుసుకుని నిలబడ్డ పిల్లనూ చూశాడు. "తప్పింది మీ కొలతా, ఆ పాప దూకుడా?"

"సంతకం నాది సార్."

ఆయన కాగితం తీసి ఇచ్చాడు. ఇస్తూ, పక్కనున్నవాళ్లందరికీ వినబడేలా, "ఇంకోసారి మీ కాగితం వస్తే నేను రెండుసార్లు ఆలోచించాల్సి వస్తుందమ్మా" అన్నాడు. ఆమె తల ఊపింది. పిల్ల పేరు కొట్టేశారు.

ఐశ్వర్య ఏడవలేదు. మోకాలి క్యాపు ఊడదీసి పంకజాక్షి కాళ్ల దగ్గర పడేసింది. "తొమ్మిది నెలలు నిన్ను నమ్మినానక్కా. నువ్వే నన్ను మోసం చేసినావు" అంది.

పంకజాక్షి వంగి క్యాపు తీసుకుని దుమ్ము దులిపింది. ఆ మాట అనాల్సింది తాను. తన నోటిదాకా వచ్చిన మాటను ఆ పిల్ల ముందే అనేసింది.

"రేపట్నుంచి రా. మూడు నెలలు గట్టిగా చేస్తే సరిపోతాది" అని మాత్రం చెప్పగలిగింది. తండ్రీకూతుళ్లు వెనక్కి చూడకుండా గేటు దాటారు.

మర్నాడు ఐశ్వర్య రాలేదు. ఆ వారం రాలేదు. మాట మాత్రం వచ్చింది, జయచంద్ర మోసుకొచ్చాడు. "అక్కా, తులసిగాడు టీ అంగట్లో ఏమంటాండాడో తెలుసునా? 'దానికి కొలవడమే రాదు, నలుగురి ముందర అదే ఒప్పుకునింది, నా బిడ్డ బతుకు పాడు చేసింది' అంటాండాడు. నిజమేందో చెప్పక్కా, నేను పోయి అందరికీ చెప్తా."

పంకజాక్షి అతని భుజాన్ని మెల్లగా పైకి లేపుతూ ఉండిపోయింది. పిల్లకు దొంగ అన్న పేరు రాకూడదనే కదా తప్పును తన మీద వేసుకుంది. ఇప్పుడు నోరు తెరిస్తే ఆ పేరు ఊళ్లో ఆ పిల్లను అంటుకుంటుంది. తులసన్నకు ఇది తెలుసు. తెలిసే అంటున్నాడు.

"వద్దప్పా. నీ చెయ్యి ఎత్తు, ఇంకొంచెం" అంది.

మూడు నెలలు గడిచాయి. ఒక సాయంత్రం కిటికీ మూస్తూ కింద వీధిలోకి చూస్తే ఐశ్వర్య నూలు కండెల సంచీ మోసుకుంటూ పోతోంది. పంకజాక్షి కళ్లు అలవాటుకొద్దీ ముఖం మీద కాక కాలి మీదికి పోయాయి. ఎడమ మడమ ముందు ఆని, మోకాలు నిటారుగా వచ్చి, అడుగు అడుగుతో సమానంగా పడుతోంది. వ్యాయామం మానలేదు. నేర్పిందంతా ఇంట్లో ఒంటరిగా చేసుకుంటోంది. నూలంగడి ముందు ఆ పిల్ల ఒక్క క్షణం నడక తగ్గించింది. తల మాత్రం ఎత్తలేదు.

ఆ వారమే ఏర్పేడు నుంచి చీలమండ విరిగి అతుక్కున్న వాలీబాల్ అమ్మాయి పూజిత వచ్చింది. పంకజాక్షి కొత్త పట్టీ చించింది. మంచికాలితో మూడుసార్లు దూకించి, మూడూ కొలిచి, అన్నిటికంటే పెద్దదాన్ని చీటీ మీద రాసి జేబులో పెట్టుకుంది.

"ఎంతొచ్చిందక్కా? ఎంత దూకితే పాసు?" అని పూజిత అడిగింది.

పంకజాక్షి నోరు తెరిచింది. ఆ లెక్క పదేళ్లుగా అందరికీ చెబుతున్నదే. "నీకు వచ్చినంత దూకు" అంది చివరికి.

సాయంత్రం ముడి కుట్టి పట్టీని గోడకు తగిలించబోయి ఆగింది. దాన్ని మడిచి, గోడ మీది మిగతావాళ్ల పట్టీలతో పాటు బీరువాలో పెట్టి తాళం వేసింది. గోడ మీద ఐశ్వర్య పట్టీ ఒక్కటే మిగిలింది, ఆగస్టు నెల నీలం ముడి వేయకుండానే.