ఎస్తేరు ఇంటికి చేరని బియ్యం

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఎవరికీ చెప్పలేదు. నా భర్తకూ చెప్పలేదు. ఆయన ఈ మధ్యే పోయారు, ఇక చెప్పే వీలు కూడా లేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనివ్వను. ఇందులో పేర్లు కూడా మార్చాను. చూడండి, ఒప్పుకుంటానని కూర్చుని మొదట చేసిన పని దాక్కోవడమే.

మాది జహీరాబాద్. మాది లూథరన్ సంఘం. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని నేను. చర్చిలో స్త్రీల సమాజానికి చాలాకాలం కార్యదర్శిగా ఉన్నాను. ఎక్కడ వరద వచ్చినా, ఎక్కడ కరువు వచ్చినా చందాలు పోగుచేయడానికి టీచరమ్మే ముందుంటుందని పేరు. ఆ పేరు వింటే ఒకప్పుడు లోలోపల పొంగిపోయేదాన్ని. ఇప్పుడు ఎవరైనా నా దయాగుణం గురించి మాట్లాడితే అక్కడి నుంచి లేచి పోబుద్ధవుతుంది.

మా ఆడవాళ్లకు ఒక అలవాటుంది. వంటకు బియ్యం తీసుకున్నప్పుడల్లా అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తాం. అది దేవుడి పిడికెడు. శనివారం సమాజం వాళ్లం సంచి పట్టుకుని ఇంటింటికీ వెళ్లి ఆ డబ్బాలు ఖాళీ చేయించుకుంటాం. సన్నబియ్యం, రేషన్ బియ్యం, నూకలు అన్నీ ఒకే సంచిలో పడతాయి. ఆ కలగలుపు బియ్యం అన్నానికి కుదరదు, ఒకటి ఉడికేలోగా ఇంకొకటి ముద్దైపోతుంది. అందుకని ఇడ్లీ బండ్ల వాళ్లకు పిండికి అమ్మేవాళ్లం. వచ్చిన దాంట్లో కొంత ఊళ్లోని రోగులకు, దిక్కులేని ముసలివాళ్లకు ఇచ్చేవాళ్లం. మిగతాది దూరాన ఆపదలో ఉన్నవాళ్లకు పోయేది.

ఆ ఏడాది శ్రమకాలంలో, అంటే ఈస్టరు పండుగకు ముందు మేం నిష్ఠగా గడిపే రోజుల్లో, నేనొక మాట లేవదీశాను. ఈసారి బియ్యం మీద వచ్చినదంతా సముద్రం దాటించి పంపుదామన్నాను. యుద్ధంలో ఇళ్లు కూలిపోయిన పిల్లలున్నారు, ఇన్నాళ్లూ మనం పుచ్చుకున్నాం, ఇప్పుడు మనం ఇద్దాం అన్నాను. అందరూ సరేనన్నారు. పండుగ తర్వాత బిషప్ గారు వస్తారు, ఆయన చేతికి అందిద్దాం అనుకున్నాం. అందించేది ఎవరో నేను చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు కదా.

ఎందుకంత ఆరాటం? నేను మిషన్ హాస్టల్లో పెరిగాను. విదేశాల నుంచి పాత బట్టల మూటలు వచ్చేవి. ఒకసారి నా వంతుకు నీలం గౌను వచ్చింది. మెడ వెనక ఎవరో తెల్లపిల్ల పేరు దారంతో కుట్టి ఉంది. తోటి పిల్లలు అది చూశారు. ఆ ఏడాదంతా నన్ను ఆ పేరుతోనే పిలిచారు. దొరలు వచ్చినప్పుడు వరసలో నిలబెట్టి కృతజ్ఞత పాట పాడించేవారు, నేను నోరు మాత్రం ఆడించేదాన్ని. పుచ్చుకోవడం అంటే నాకు అప్పటినుంచే ఒళ్లుమంట. ఇచ్చేవాళ్ల వైపు నిలబడాలని, ఒక్కసారైనా సముద్రం అవతలి వాళ్లు నాకు కృతజ్ఞతలు చెప్పాలని మనసులో ఉండిపోయింది. ఇదంతా చెప్పి మీ జాలి సంపాదించాలని చూస్తున్నానా? కొంచెం అదీ ఉందేమో.

ఎస్తేరు మా సంఘం మనిషే. అల్లం కడిగే కూలిపనికి వెళ్లేది. భర్త యాకోబు లారీలకు అల్లం బస్తాలు ఎత్తే హమాలీ. అతనికి కిడ్నీలు చెడిపోయాయి. రక్తం శుద్ధి చేయించడానికి వారం వారం సంగారెడ్డి దవాఖానకు తీసుకుపోవాలి. వెంట ఎస్తేరు పోవాలి. అంటే అతని కూలీ పోయింది, ఈమెదీ సగం పోయింది. ఒక శుక్రవారం సమాజం కూటంలో ఎస్తేరు లేచి నిలబడింది. పైసలు అడగలేదు. "ఈ కొన్ని నెలలు ఆ పిడికెడు బియ్యం మా ఇంటికి ఇయ్యరాదు? ఆయన జర లేచేదాంక" అంది. అంతే. ఆడవాళ్లందరూ తలలూపడం మొదలుపెట్టారు. ఒకామె కళ్లు తుడుచుకుంది. ఇంటి పక్క మనిషి ఆకలి ముందు సముద్రం అవతలి పిల్లలు ఎవరికి గుర్తుంటారు?

నాకు గుర్తున్నారు. కాదు, అదీ అబద్ధమే. నాకు గుర్తున్నది బిషప్ గారి ముందు నేను చెప్పబోయే మాటలు. ఇంటింటి పిడికెడు బియ్యం అంటూ మొదలయ్యే ఉపన్యాసం అప్పటికే తయారు చేసుకుని ఉన్నాను. ఎస్తేరు లేచి నిలబడగానే ఎవరో దాన్ని నా చేతిలోంచి లాక్కున్నట్టయింది. నాతో విడిగా చెప్పుకోకుండా అందరి ముందు అడుగుతుందా అని ఉక్రోషం కూడా వచ్చింది. అయ్యగారిని అడిగి చెబుతాం అని కూటం ముగించాను.

మా పాస్టరు గారిని అయ్యగారంటాం. అప్పుడున్నాయన బదిలీ మీద కొత్తగా వచ్చిన చిన్నవాడు. ఊరి సంగతులకు నామీదే ఆధారపడేవాడు. ఆ సాయంత్రమే వెళ్లాను. ఎస్తేరు, యాకోబు ఇక మన సంఘం వాళ్లు కారని చెప్పాను. చిరాగ్‌పల్లిలో స్వస్థత ప్రార్థనలు చేసేవాళ్ల దగ్గరికి పోయి నీళ్లలో మునిగి మళ్లీ బాప్తిస్మం తీసుకున్నారన్నాను. నిజమేనా అని ఆయన అడిగాడు. చూసినవాళ్లే చెప్పారన్నాను. చూసినవాళ్లెవరూ లేరు. వాళ్లు ఒక్కసారి అక్కడ ప్రార్థనకు వెళ్లొచ్చిన మాట మాత్రం నిజం. ఆ నిజానికి నేను నీళ్లు కలిపాను.

తెలియనివాళ్లకు ఇది చిన్న విషయంలా ఉంటుంది. మాలో పసితనంలోనే బాప్తిస్మం ఇస్తారు. పెద్దయ్యాక ఇంకొకచోట మునిగి మళ్లీ తీసుకుంటే సంఘాన్ని వదిలిపోయినట్టే మా దగ్గర లెక్క. సభ్యుల్లోంచి పేరు తీసేస్తారు. సాయం ఉండదు. చర్చి సమాధుల తోటలో చోటు కూడా ఉండదు. ఈ చివరి సంగతి ఆ సాయంత్రం నాకు తట్టలేదంటే మీరు నమ్ముతారా? నేనే నమ్మను.

తర్వాతి శనివారం ఆ వీధిలోకి సంచితో వెళ్లాను. ఎస్తేరు గడపలో నిలబడి ఉంది. చేతిలో బియ్యం డబ్బా ఉంది.

"టీచరమ్మా, మా పేర్లు తీసేసిన్రంట గదా. నేనేం తప్పు చేసిన?"

"నాకేం తెల్వదు ఎస్తేరూ. అయ్యగారు చూసుకుంటున్నరు."

"ఒక్కపారి పోయినం. ఆయనకు నయమైతదేమో అని ప్రార్థన చేయించుకొని వచ్చినం, గంతే. నీళ్లల్ల మునుగలే. ఎవరు చెప్పిన్రో ఏమో. మీరు జర చెప్పరాదు? మీ మాటైతే ఇంటరు."

"చూస్త. అడుగుత."

"బియ్యం కోసం అంటలేను టీచరమ్మా. బియ్యం ఇయ్యకున్నా ఫికర్ లేదు. పేరు తీసేస్తే ఎట్ల? రేపు ఆయనకు ఏమన్నా అయితే యాడ పెట్టుకోవాలె?"

ఆమె డబ్బా వంచి బియ్యం నా సంచిలో పోసింది. అవి రేషన్ బియ్యం, అడుగున పురుగు కూడా ఉంది. వద్దనలేకపోయాను. వద్దంటే ఎందుకని అడుగుతుంది. వాళ్లకు ఇవ్వనివ్వలేదు కానీ, వాళ్ల దగ్గర పుచ్చుకున్నాను.

ఈస్టరు తర్వాత బిషప్ గారు వచ్చారు. నేను మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. ఫోటో తీశారు. కొన్నాళ్లకు సముద్రం అవతలి నుంచి కృతజ్ఞతల ఉత్తరం కూడా వచ్చింది. అయ్యగారు ఆరాధనలో నా పేరు చెప్పి మరీ వినిపించారు. మేం పంపినది ఆ పిల్లలకే చేరింది, మధ్యలో ఎవరూ తినలేదు. ఇన్నాళ్లూ ఎవరూ నన్ను అనుమానించకపోవడానికి కారణం అదే. దానం సక్రమంగానే జరిగింది. అసలు ఆ బియ్యం లేకపోయినా విరాళం ఆగేది కాదు, దానికి తోడు చర్చిలో వేసిన కానుకలు బాగానే పోగయ్యాయి. తగ్గేది నా ఉపన్యాసంలో ఒక మాట మాత్రమే.

వానాకాలంలో యాకోబు పోయాడు. చోటు కోసం ఎస్తేరు తమ్ముడు వచ్చి అయ్యగారి కాళ్ల మీద పడ్డాడు. నియమం ఒప్పుకోదన్నారు అయ్యగారు. అంటూనే నా వైపు చూశారు, నేనేమైనా చెబుతానేమోనని. ఒక్క మాట చాలు. నేను పొరబడ్డానేమో అన్నా సరిపోయేది, అబద్ధమని ఒప్పుకోనక్కర్లేదు కూడా. నేను కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ కూర్చున్నాను. యాకోబును ట్రాలీ ఆటోలో వేసుకుని న్యాల్‌కల్ వైపు ఎస్తేరు పుట్టింటి ఊరికి తీసుకుపోయారు. తమ్ముడి కందిచేను గట్టున పూడ్చిపెట్టారట. నేను పోలేదు. మోకాళ్ల నొప్పులన్నాను.

ఆ తర్వాత రెండేళ్లకో ఏమో ఎస్తేరు నిజంగానే చిరాగ్‌పల్లి వాళ్లలో కలిసి బాప్తిస్మం తీసుకుంది. ఆ కబురు విన్న రోజు నాకు ఎంత హాయి అనిపించిందో చెబితే మీరు అసహ్యించుకుంటారు. చూశారా, చివరికి మునిగిందిగా, నేను కాస్త ముందుగా చెప్పానంతే అనుకున్నాను. చాలాకాలం ఆ మాటతోనే నిద్రపోయాను. మేం తోసేస్తేనే ఆమె అక్కడికి పోయిందని తెలియదా నాకు? తెలుసు. ప్రతి ఆదివారం సంఘమంతా కలిసి పాపపు ఒప్పుకోలు గట్టిగా చదువుతాం. నా గొంతు అందరికంటే పైకి వినిపిస్తుంది. అందులో అన్ని పాపాలూ ఉంటాయి, ఎస్తేరు పేరు మాత్రం ఉండదు. పిల్లలకు పది ఆజ్ఞలు నేర్పించేదాన్ని నేనే. అబద్ధ సాక్ష్యం గురించిన ఆజ్ఞ దగ్గర నాకు ఎప్పుడూ దగ్గొచ్చేది.

నా భర్తను చర్చి సమాధుల తోటలోనే ఉంచాం. పక్కన నాకూ చోటుంది. మట్టి వేసి వెనక్కి తిరిగితే గేటు బయట ఎస్తేరు కనిపించింది. చెప్పులు విడిచి, తల మీద కొంగు కప్పుకుని ఎండలో నిలబడింది. దగ్గరికి వెళ్లాను. నా చేతులు పట్టుకుని ఏడ్చింది. లోపలికి ఎందుకు రాలేదని అడిగాను. అడిగే మొహమా నాది!

"మాకు లోపటికి రానికి ఉన్నదో లేదో అని ఈడ్నే నిలవడ్డ టీచరమ్మా. మీరు ఫికర్ చెయ్యకున్రి" అంది.

అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. మొగుడు పోయిన దుఃఖాన్ని అడ్డం పెట్టుకుని ఇంకా గట్టిగా ఏడ్చాను. ఆమె నన్ను ఓదార్చింది. తన పేరు కొట్టించింది ఆ బదిలీ అయిపోయిన అయ్యగారేనని ఇప్పటికీ అనుకుంటోంది.

ఆమెకు చెబుతానా? సంఘం ముందు నిలబడి చెబుతానా? తెలియదు. అంత ధైర్యమే ఉంటే ఇది మీకెందుకు రాస్తాను? కానీ ఒక్కచోటైనా ఉన్నది ఉన్నట్టు ఉండాలి. కాబట్టి రాస్తున్నాను. ఆ సాయంత్రానికి ఎస్తేరు, యాకోబు ఎక్కడా మునగలేదు. వాళ్లు మా సంఘం వాళ్లే. ఎవరూ చూడలేదు, ఎవరూ నాతో చెప్పలేదు. ఆ మాట పుట్టించింది నేను. యాకోబు చేనుగట్టున ఉండటానికి కారణం నేను.

రాసేశాను. గుండె కొంచెం తేలికైంది. తేలికైనందుకు కూడా నా మీద నాకు అసహ్యంగానే ఉంది.