తలకిందులైన గాజుబొమ్మ

మా చిన్నప్పుడు... ఈస్టరుకు ముందటి శ్రమల కాలం వచ్చిందంటే ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మా జహీరాబాద్ చర్చి కిటికీలకు గోనెసంచులు కట్టేవారు. పట్టపగలే లోపలంతా చీకటి. పాస్టరు అయ్యగారి బొమ్మల పెట్టెలో కిరోసిన్ దీపం వెలిగించి, రంగులు వేసిన గాజుపలకలు ఒక్కొక్కటే దూర్చితే, ఎదురుగా కట్టిన తెల్ల పంచె మీద యేసుప్రభువు కథ కనిపించేది.

పంచెను తడిపి కట్టేవారు... వెలుతురు అవతలికీ రావాలని. మగవాళ్లు తెర ముందు, ఆడవాళ్లం వెనక. కుడి ఎడమలు మారిన బొమ్మలే మాకు తెలుసు.

చెల్లి సుశీలకు అప్పుడు ఏడేళ్లు. ఆ చలికాలం తట్టు పోసి తగ్గింది గానీ, కళ్లు ఎర్రబడి చూపు మసకబారింది. బీదర్‌లో కళ్ల డాక్టరుకు చూపిద్దామన్నాడు నాన్న. అమ్మ ఉపవాసాలు మొదలుపెట్టింది.

మొదటి శుక్రవారం చెల్లి నా పక్కనే కూర్చుంది.

"అక్కా, గిప్పుడేం బొమ్మొచ్చింది?"

చెవిలో చెప్పాను. అదే మాట తను పైకి అనేసింది. "ప్రభువు పడవల నిలబడ్డడు. చెయ్యి పైకెత్తిండు."

అమ్మ గిరుక్కున తిరిగింది. "నీకు కనబడుతుందా బిడ్డా?"

సుశీల అమ్మ గొంతు వినబడ్డ వైపు తల తిప్పింది. తర్వాత, "కనబడుతుందమ్మా" అంది.

అమ్మ దాన్ని గట్టిగా హత్తుకుని ఏడ్చింది. చుట్టూ ఆడవాళ్లంతా స్తోత్రం, స్తోత్రం అన్నారు...

ఇంటికి వెళ్లే దారిలో చెల్లి నా చెయ్యి గిల్లింది. "చెప్పకక్కా... బీదర్‌ల కండ్లల్ల సూది ఏస్తరంట."

నేను కాన్వెంటులో జవాబు తెలిసినా లేచి నిలబడని పిల్లను. చెప్పలేదు.

"ఒక్కసారి డాక్టర్‌కు సూపిస్తె ఏం పోతదే?" అన్నాడు నాన్న.

"ప్రభువు ఇచ్చినంక మల్ల డాక్టర్‌ను అడుగుతరా? నమ్మిక లేదా మీకు?" అంది అమ్మ.

బీదర్ ప్రయాణం ఆగిపోయింది.

ప్రతి వారం అవే బొమ్మలు, అదే వరస. మూడో శుక్రవారానికి నేను చెప్పే పని కూడా లేకపోయింది. తడి పంచె నుంచి చుక్కలు ముఖం మీద పడుతుంటే, సుశీల తల ఎత్తి అన్నీ అప్పజెప్పేది. అమ్మ తెరను చూడటం మానేసి దాని ముఖమే చూసేది.

మంచి శుక్రవారం, అదే గుడ్ ఫ్రైడే, వచ్చింది. గాజుపలకను తలకిందులుగా దూర్చితేనే తెర మీద బొమ్మ నిటారుగా పడుతుంది. ఎప్పుడూ పలకలు పెట్టే పెద్దాయనకు ఆ రోజు జ్వరం. ఆయన బదులు కూర్చున్నాయనకు ఆ సంగతి తెలియదు. పడవ బోర్లా పడింది. సముద్రం పైన. ప్రభువు తల కిందికి వేలాడుతున్నాడు...

"అరె, తిప్పి పెట్టుండ్రి!" అని ముందు నుంచి ఎవరో అరిచారు. మగవాళ్లు ఘొల్లున నవ్వారు. మా వైపు ఆడవాళ్లు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఎందుకో తెలియకపోయినా సుశీల కూడా నవ్వింది.

నవ్వుతూనే అంది... "ప్రభువు పడవల నిలబడ్డడు. చెయ్యి పైకెత్తిండు."

తెర వెనక నవ్వులు ఆగిపోయాయి. అమ్మ దాని కళ్ల ముందు చెయ్యి ఆడించింది. సుశీల రెప్ప వేయలేదు. తర్వాతి బొమ్మ చెప్పడం మొదలుపెట్టింది.

ఈస్టరు మర్నాడు బీదర్ వెళ్లాం. "నెల కింద తేవాలె గదమ్మా" అన్నాడు డాక్టరు. మందు చీటీ రాయలేదు. సూది కూడా వేయలేదు.

ఆ బొమ్మలు దానికి ఎవరు చెప్పారని అమ్మ నన్ను ఈనాటికీ అడగలేదు. అడిగితే బాగుండేది...

ఇప్పుడు మా చర్చికి కరెంటు మిషన్ వచ్చింది. బొమ్మలు కదులుతున్నాయి. తడి పంచె లేదు, ఆడవాళ్లమూ ముందువైపే కూర్చుంటున్నాం. సుశీల నా పక్కనే కూర్చుంటుంది. ఏం బొమ్మొచ్చిందని మాత్రం అడగదు.

మీలో ఆ గాజుబొమ్మలు చూసినవాళ్లుంటే రాయండి... మీ పక్కన ఎవరు కూర్చునేవారో కూడా.