ఫ్రిజ్ మీది రెండో కాగితం

యాభై ఆరేళ్ళు వచ్చేదాకా మా అమ్మమ్మ ఒఫీలియాకు తెలిసిన రాయి ఒక్కటే, మిరపకాయలు నూరే నల్ల రోలు. పీచ్ పండ్లను డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ మూతపడ్డాక ఊళ్ళోని రెండేళ్ళ కాలేజీలో చేరింది. రెండేళ్ళ చదువు ఐదేళ్ళు చదివింది. లెక్కలు రెండుసార్లు తప్పింది. బస్సులో ఒళ్ళో సంచీ, సంచీలో పుస్తకాలకన్నా బరువైన తిండి డబ్బా. అక్కడి మార్కులతో పెద్ద విశ్వవిద్యాలయంలో నేరుగా మూడో ఏడాదిలో చేరాలి, బడిపంతులమ్మ కావాలి. ఆవిడ కోరికంతా అదే.

"ఏమే ప్రొఫెసరమ్మా, ఇవాళ చిక్కుడు గింజలు చదివి పుస్తకం ఉడకబెట్టావా?" అనేవాడు తాత నికానోర్.

"నోరు మూసుకుని తిను ముసలోడా. పరీక్ష పెడితే నువ్వు ఒకటో తరగతి కూడా దాటవు."

ఏప్రిల్‌లో ఉత్తరం వచ్చింది. సీటు ఇచ్చారు. మొదటి కాగితాన్ని గ్వాదలూపే మరియమాత పటం కింద పెట్టుకుంది. రెండో కాగితం నిండా చీమల్లాంటి అక్షరాలు. వెనకవైపు మాత్రం తెల్లగా ఉంది. ద్రాక్షతోటల్లో కూలి చేస్తూ పీల్చిన దుమ్ము అప్పటికే తాత ఊపిరితిత్తులను దాదాపు తినేసింది. ఆ తెల్లవైపు ఆయన మందుల వేళలు రాసి, అయస్కాంతంతో ఫ్రిజ్‌కు అంటించింది. పొద్దున ఆరు, పది, మధ్యాహ్నం రెండు.

పూర్తి చేయాల్సిన క్లాసుల్లో భూగర్భశాస్త్రం ఒక్కటే మిగిలింది. మంగళ, గురువారాలు పొద్దున రాళ్ళ ల్యాబు.

"పోవే," అన్నాడు తాత, ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతోనే. "పక్కన కూర్చుని నా ఊపిరి నువ్వు పీలుస్తావా ఏంటి?"

"సీటొచ్చేసిందిగా. రాళ్ళెక్కడికీ పోవులే."

ఆ వారమే క్లాసు మానేస్తున్నట్టు కాలేజీలో కాగితం నింపి ఇచ్చింది.

తాత జూన్‌లో పోయాడు. జులైలో విశ్వవిద్యాలయం నుంచి మెయిల్ వచ్చింది. చదువుతానన్న క్లాసు పూర్తి చేయలేదు కాబట్టి సీటు రద్దు. అప్పుడు ఫ్రిజ్ మీది కాగితం తీసి, మొదటిసారి రెండోవైపు చదివింది. నాలుగో వరుసలోనే ఉంది. ఏ క్లాసు మానినా ముందుగా మాకు తెలపాలి, లేకుంటే సీటు ఉండదు. మూడు నెలలుగా ఆ వరుస ఫ్రిజ్ తలుపుకు చెప్పుకుంటూ ఉంది.

కాలేజీలో పిల్లలకు దారి చూపించే ఉద్యోగిని సొకోర్రో నెత్తి కొట్టుకుంది. "ఒక్క మాట నా చెవిన వేసుంటే ఆపేదాన్ని కదా ఒఫీలియమ్మా!"

"మొగుడు పోతుంటే ఎవరెవరికి చెప్పాలో గుర్తుంటదా తల్లీ?"

ఇద్దరూ కూర్చుని, తాత మరణ పత్రం జత చేసి అర్జీ పెట్టారు. జవాబు మూడు వాక్యాలు. చింతిస్తున్నాం అని ఒకటి, కుదరదని ఒకటి, వచ్చే ఏడాది మళ్ళీ దరఖాస్తు చేసుకోమని ఒకటి.

ఆగస్టులో మళ్ళీ అదే బస్సెక్కింది. ల్యాబులో అవే చెక్క పెట్టెలు, అవే రాళ్ళు. మాస్టారు బెజ్జాల నల్లరాయి ఒకటి చేతిలో పెట్టాడు. ఇంట్లో రోలు రాయే. అలవాటుగా వాసన చూసింది. మిరపకాయ ఘాటు లేదు.

గోడ గడియారం పది చూపించగానే గభాల్న లేచి నిలబడింది.

"ఏం కావాలమ్మా?" అన్నాడు మాస్టారు.

"మందు వేళ..." అంది. రాయిని చేతిలోనే పట్టుకుని మళ్ళీ కూర్చుంది.