చప్పుడు లేని మౌస్ వద్దన్న పెద్దాయన

2023 ఎండాకాలం. కరీంనగర్ బస్టాండుకు ఎదురు సందులో నా దుకాణం. కీబోర్డులు, కేబుళ్ళు, మౌస్‌లు, లాప్‌టాప్ చార్జర్లు అమ్ముతాను. నేను ఎం.సి.ఏ. చదివాను. ఆ చదువుకూ ఈ దుకాణానికీ ఏదో సంబంధం ఉందని మా బాపు చివరిదాకా నమ్మాడు. నేను ఆ నమ్మకం జోలికి పోలేదు.

మౌస్ కొనడం జనం పెద్దగా ఆలోచించి చేసే పని కాదు. అరటిపళ్ళు కొన్నంతసేపు పడుతుంది. అరటిపళ్ళయితే నొక్కి చూస్తారు, మౌస్‌కు అదీ ఉండదు. చాలామంది రంగు చెప్పి, డబ్బా పట్టుకుని పోతారు. అందుకే ఆ మధ్యాహ్నం ఓ అమ్మాయి లోపలికి వచ్చి, పాత మౌస్‌ను కౌంటర్ మీద పెట్టి, పేషెంటు జబ్బు చెప్పినట్టు వివరాలు చెప్పడం మొదలుపెట్టేసరికి నేను కుర్చీలోంచి లేచాను.

"అన్నా, చార్జింగ్ మౌస్ గావాలె. సెల్లుది ఒద్దు. నడి పనిల సెల్లు అయిపోతె బెడ్డు కాడికెంచి లేచి పోరాదు."

"ఏం బెడ్డమ్మా?"

"మా బాపుది. డయాలసిస్."

ఆమె పేరు రూతు. గోదావరిఖని నుంచి వారానికి మూడుసార్లు తండ్రిని బస్సులో తీసుకొస్తుంది. తండ్రి దానియేలు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. రెండు కిడ్నీలూ పనిచేయడం మానేశాయి. ఇక్కడి ఆస్పత్రి హాల్లో ఆయన నాలుగేసి గంటలు పడుకుంటే మెషీను నెత్తురు శుభ్రం చేసి పంపుతుంది. షుగరు వల్ల చూపు అంతకు ముందే పోయింది. వెంట రావడానికి ఈమె తప్ప ఇంకెవరూ లేరు.

ఆ నాలుగు గంటలూ ఆమె మంచం పక్కన కూర్చుని ఉద్యోగం చేస్తుంది. డేటా అనొటేషన్ అంటారు. రోడ్ల ఫోటోలు వస్తాయి. అందులో మనుషులు, బండ్లు, పశువుల చుట్టూ మౌస్‌తో పెట్టెలు గీసి పేర్లు పెట్టాలి.

"ఏదో దేశంల డ్రైవర్ లేకుండ కారు నడుస్తదటన్నా. దానికి బర్రె ఏదో మనిషేదో నేను జెప్తున్న," అంది.

"మన రోడ్ల మీద మనకే తెల్వదు గదమ్మా," అన్నాను. నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వినట్టు, కొంచెం తడబడి నవ్వింది.

ఈ పనికి లాప్‌టాప్ టచ్‌ప్యాడ్ సరిపోదు, గీత పక్కకు జారుతుంది. గీతలు జారితే కంపెనీవాళ్ళు ముందు హెచ్చరిస్తారు, తర్వాత తీసేస్తారు. ఆమెకు హెచ్చరిక అప్పటికే వచ్చింది. ఆ జీతం ఆగితే బస్సు కూడా ఆగినట్టే.

ప్రయాణాల్లో వాడే మౌస్‌కు నేను చూసే విషయాలు కొన్ని ఉన్నాయి. ఆమెకు చూపించినవే ఇక్కడా చెబుతాను. ఒకటి, డాంగుల్. అంటే లాప్‌టాప్‌కు గుచ్చే గోరంత ముక్క. బస్సులో సంచి పక్కవాడి మోకాలికి తగిలితే అది విరుగుతుంది, లేదా ఆస్పత్రి నేల మీద పడి చీపురుతో పోతుంది. కాబట్టి ముక్క అవసరం లేని బ్లూటూత్ మేలు. ఇంకొకటి, చార్జింగ్ రంధ్రం ఎక్కడుందో తిప్పి చూడాలి. కొన్నింటికి పొట్ట కింద ఉంటుంది. అలాంటిది చార్జి ఎక్కుతున్నంతసేపు వెల్లకిలా పడుకోవాల్సిందే, పని ఉండదు. ముందువైపు ఉంటే కేబుల్‌ను లాప్‌టాప్‌కే తగిలించి, వాడుకుంటూనే చార్జి చేసుకోవచ్చు. ఆస్పత్రి హాల్లో ప్లగ్గులు మెషీన్లకే తప్ప మనుషులకు ఇవ్వరు కాబట్టి ఇది ముఖ్యం.

ఇవన్నీ విని ఆమె అసలు విషయం చెప్పింది. "సప్పుడు రావద్దన్నా. పక్క బెడ్డు సార్ రిటైర్ టీచరు. నా మౌస్ టకటకకు నిద్ర వడ్తలేదని సిస్టర్‌కు జెప్పిండు. అటుకులు దంచినట్టున్నదట."

టీచరుగారి తప్పు కాదు. ఆయనా పేషెంటే. నేను సైలెంట్ క్లిక్ రకం తీశాను. మామూలు బటన్ కింద నొక్కినప్పుడల్లా టక్కుమనే చిన్న స్విచ్ ఉంటుంది. ఇందులో మెత్తటి స్విచ్ వేస్తారు. పైన తిప్పే స్క్రోల్ వీల్ కూడా నున్నగా జారిపోయే రకం. చెవి దగ్గర పెట్టుకుని నొక్కినా ఏమీ వినపడదు. నా షాపులో అంతకన్నా మంచి మౌస్ లేదు. ఆమె సంతోషంగా తీసుకుంది. నేను కూడా ఓ సమస్యను డబ్బాలో పెట్టి పంపించిన తృప్తితో చాయ్ తెప్పించుకున్నాను.

వారం తిరక్కుండా వచ్చింది. ఈసారి తండ్రిని కూడా నడిపించుకుంటూ వచ్చింది. పొడవాటి మనిషి. తలుపు దగ్గరే తల వంచి లోపలికి వచ్చాడు. నా తలుపు అంత పొట్టిది కాదు. బాయిలో పనిచేసినవాళ్ళకు ఆ అలవాటు పోదని తర్వాత తెలిసింది. కౌంటర్ అద్దం చేతికి తగిలేదాకా వచ్చి ఆగాడు.

"నువ్వేనా సేటు, నా బిడ్డను మాయం జేసింది?"

"నేనా కాకా? నేను మౌస్ అమ్మిన."

"గదే గదా. గది వెట్టినప్పటిసంది నా బిడ్డ కుర్సీల లేదు."

రూతు మెల్లగా చెప్పింది. కొత్త మౌస్‌తో మొదటి రోజే గొడవైంది. ఆయన "బిడ్డా" అని పిలుస్తాడు, ఆమె "ఉన్న బాపూ" అంటుంది. రెండు నిమిషాలకు మళ్ళీ పిలుస్తాడు. పిలిచి పిలిచి, ఆమె పనిలో ఉండి ఒకసారి పలకకపోయేసరికి, సూదులున్న చెయ్యి ఎత్తి లేవబోయాడు. మెషీను అలారం కొట్టింది. సిస్టర్ కోప్పడింది. తర్వాతి డయాలసిస్‌లోనూ అదే జరిగింది. చేతిలో చెయ్యి వేసి కూర్చుందామంటే ఆమె కుడిచెయ్యి మౌస్ మీద, ఎడమచెయ్యి కీబోర్డు మీద ఉండాలి.

"ఇగ రానంటుండన్నా. ఇయ్యాల బస్సు ఎక్కియ్యనీకెనే గంట బతిమిలాడిన."

రాకపోతే ఏమవుతుందో అక్కడున్న ముగ్గురికీ తెలుసు.

"కాకా, అమ్మాయి పక్కనే ఉంటది గదా," అన్నాను. ఎం.సి.ఏ. చదివినవాడి స్థాయికి తగ్గ మాట.

"నాకెరుకే సేటు. చెవులకు ఎరుక గాదు."

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. అద్దం మీద అరచెయ్యి అలాగే ఉంచి చెప్పాడు.

"బాయిల నేను టింబర్‌మన్‌ను. బొగ్గు తీసిన జాగల పైబండ కూలకుంట కట్టె దిమ్మెలు నిలవెడ్తుంటిమి. ఇద్దరిద్దరం జోడి. ఒకడు ముంగట పోయి దిమ్మె నిలవెడ్తడు. ఎన్క ఉన్నోడు బండను జూస్తుంటడు. జూసుకుంట గొడ్డలి మడమతోని కట్టె మీద టక్కు, టక్కు అని కొడ్తనే ఉంటడు. ఏం లేదు, నేనున్న, నువ్వు పని జేస్కో అని. గా సప్పుడు ఇనవడ్డదాక ముంగటోడు తల తిప్పడు. ఆగిందంటె సామానంత ఇడిసిపెట్టి ఉరుకుడే."

"ఎప్పుడన్న ఆగిందా?" అడక్కుండా ఉండాల్సింది.

"ఒక్కసారి," అన్నాడు. "నేను ఉరికిన. ఎన్క కొట్టే సాయిలు రాలే."

బయట ఆటోవాళ్ళు ఎవరినో పిలుస్తున్నారు. రూతు తల పక్కకు తిప్పుకుంది. ఈ కథ ఆమెకు కొత్త కాదు, అయినా వినడం తేలికయినట్టు లేదు.

పాత మౌస్ టకటక ఆయనకు అన్ని రోజులూ ఏం చెప్పిందో నాకప్పుడు అర్థమైంది. టీచరుగారికి అటుకులు దంచినట్టు వినపడింది, ఈయనకు వెనక మనిషి ఉన్నట్టు వినపడింది. ఆ చప్పుడు తీసేసి, దాన్ని ప్రత్యేక సౌకర్యమని చెప్పి నేను అమ్మాను.

ఉన్న మౌస్‌లన్నీ కౌంటర్ మీద పరిచాను. ఒక్కోటీ నొక్కి వినిపించాను. ఆయన తల ఓ పక్కకు వంచి తీర్పు చెప్పాడు. "గిది పల్లికాయ ఒలిసినట్టుంది. గిది బొక్క ఇరిగినట్టుంది. గిది మంచిగుంది గని, పంతులు ఊకోడు." నిజమే. ఈయనకు వినపడే ఏ మౌసైనా ఆ పక్క మంచానికీ వినపడుతుంది. రెండు మంచాల మధ్య దూరం అంత తక్కువ.

నాకు ఓ తెలివైన ఆలోచన వచ్చింది. నొక్కినప్పుడల్లా లాప్‌టాప్‌లోంచి టక్కుమని శబ్దం పుట్టించే చిన్న ప్రోగ్రాం ఉంది. ఆ శబ్దాన్ని ఇయర్‌ఫోన్‌తో ఆయన చెవిలోకి పంపితే సరి. అక్కడికక్కడే పెట్టి వినిపించాను. ఆయన మర్యాదగా విని, ఇయర్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు.

"గిది రికార్డు సప్పుడు గదా సేటు. మనిషి లేకపోయినా కొడ్తది."

ఇయర్‌ఫోన్ చుట్టి డబ్బాలో పెట్టేశాను.

ఇక ఏం చేయాలో తెలియక నేను డబ్బాలు సర్దుతున్నాను. రూతు కౌంటర్ మీదున్న ఓ మౌస్ వీల్‌ను ఊరికే, వేలితో ముందుకూ వెనక్కూ తిప్పుతోంది. అద్దం మీద చెయ్యి పెట్టుకుని ఉన్న పెద్దాయన ఒక్కసారిగా కదలకుండా అయిపోయాడు.

"ఎవలు కొడ్తున్నరు?"

"ఏంది బాపూ?"

"గిదే. మల్ల కొట్టు."

ఆమె మళ్ళీ తిప్పింది. నాకేమీ వినపడలేదు. నేనూ అద్దం మీద చెయ్యి పెట్టాను. చిన్నగా, నాడి కొట్టుకున్నట్టు, టిక్ టిక్‌మని తగిలింది. అది నాచ్‌డ్ వీల్. అంటే గంట్లు ఉన్న చక్రం. లోపల చిన్న స్ప్రింగు ఒక్కో పన్ను మీదుగా ఎగిరి పడుతుంటుంది, అది కింది బల్లకు తాకుతుంది. ఆ మౌస్ బటన్లు మాత్రం సైలెంటే.

"నీ పనిల వీల్ ఎంత తిప్పుతవమ్మా?"

"తిప్పుడే తిప్పుడన్నా. ఫోటో పెద్దగ జేసుడు, చిన్నగ జేసుడు. గీసే ప్రతి డబ్బాకు తిప్పాలె."

ఆస్పత్రిలో అద్దం కౌంటర్ ఉండదు. పరుపు మీద పెడితే టిక్కులన్నీ దూదిలోకి పోతాయి. పక్క పుస్తకాల దుకాణం నుంచి పరీక్ష ప్యాడ్ ఒకటి తెచ్చాను. పిల్లలు పరీక్షలకు కాగితం కింద పెట్టుకునే గట్టి అట్ట. దాని క్లిప్పు పీకేశాను. ఓ చివర మౌస్, ఇంకో చివర ఆయన సూది లేని చెయ్యి. దుకాణంలోనే కుర్చీ చేతి మీద పెట్టి చూశాం. రూతు పని తెరిచింది. ఎక్కడిదో రోడ్డు, ఎవరో గొడుగు పట్టుకుని నడుస్తున్నారు. ఆమె వాళ్ళ చుట్టూ పెట్టె గీసింది, వీల్ తిప్పింది. పెద్దాయన భుజాలు కిందికి దిగాయి.

"సాలు," అన్నాడు. కాసేపాగి, "సేటు, పంతులుకు కూడా ఒక అట్ట ఇయ్యి. పాపం, ఆయన పక్కకు ఎవ్వలు రారు," అన్నాడు.

నున్నటి వీల్ మౌస్ వెనక్కి తీసుకున్నాను. ఆ తర్వాత అప్పుడప్పుడూ బస్సుకు పోతూ రూతు దుకాణంలోకి తొంగి చూసేది. పిలవడం మానేశాడని, చెయ్యి అట్ట మీద పెట్టుకుని నిద్రపోతున్నాడని చెప్పింది. నిద్రలో కూడా ఆమె వీల్ ఆపితే వేలు ఒకటి లేస్తుందట. అందుకని ఫోటో అయిపోయినా, ఇంకోటి వచ్చేదాకా ఊరికే తిప్పుతూ ఉంటుందట. కంపెనీ హెచ్చరిక కూడా వెనక్కి తీసుకుంది.

మరుసటి ఏడు వానాకాలంలో ఆమె ఒక్కతే వచ్చింది. భుజాన లాప్‌టాప్ సంచి ఉంది. సంచిలోంచి ఎప్పుడూ బయటికి పొడుచుకుని కనిపించే అట్ట లేదు.

"అన్నా, మొదాలిచ్చిన మౌస్ ఇంకొకటి ఉన్నదా? వీల్ నున్నగ తిరిగేది."

"గంట్లది పాడైందా అమ్మా?"

"లేదన్నా. మంచిగనే ఉంది." కౌంటర్ అద్దం వైపు చూసి చెప్పింది. "వేలికి తగుల్తుంటె పని సాగుతలేదు."

లోపలి అరలోంచి తీసి, చార్జి ఉందో లేదో చూసి, ఆమె లాప్‌టాప్‌కు కలిపి ఇచ్చాను. ఆమె నొక్కి చూసింది. వీల్ తిప్పి చూసింది. ఎక్కడా ఏ చప్పుడూ లేదు. బాగుందన్నట్టు తలాడించి బస్సుకు పోయింది.

మౌస్‌కోసం వచ్చినవాళ్ళను నేను ముందు లాప్‌టాప్ ఏదని, ప్రయాణాలు ఎక్కువా అని, చార్జింగ్‌కు వీలుంటుందా అని అడిగేవాణ్ణి. ఇప్పుడు ఇంకొకటి కలిపాను. పని చేసేటప్పుడు పక్కన ఎవరుంటారని. చాలామంది నవ్వుతారు. వాళ్ళకు వారంటీ గురించి చెప్పి పంపుతాను. అప్పుడప్పుడూ ఒకరు నవ్వకుండా నా మొహం వైపు చూస్తారు. వాళ్ళకు కుర్చీ వేసి, మౌస్‌లన్నీ అద్దం మీద పరుస్తాను.