ఆ గరిటె మూర్తి గారి ఇంట్లోది

నిన్న పొద్దున కారు అద్దం మీద మంచు గీకుతుంటే మూర్తి గారి అమ్మాయి శిరీష ఫోన్ చేసింది. "డాడ్ ఇక లేరు అన్నయ్యా. నిద్రలోనే..." అంది.

ఫోన్ పెట్టేశాక కూడా ఆ చలిలో అలాగే నిలబడిపోయాను.

మా ట్రాయ్ ఊళ్ళో కృష్ణమూర్తి గారు తెలియని తెలుగువాళ్ళు తక్కువ. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను.

మంచు పడ్డప్పుడు పెద్దవాళ్ళను గుమ్మం నుంచి రోడ్డు దాకా తీసుకెళ్ళే చిన్న బండి, చక్రాల బదులు రబ్బరు బెల్టు ఉండేది, ఆయన తయారుచేసిందే. కార్ల కంపెనీలో రిటైరయ్యాక, ఇంట్లో కూర్చోమంటే కూర్చోకుండా గరాజ్‌లో సొంత కంపెనీ పెట్టారు. నేను అందులో మొదటి ఎంప్లాయీని.

మొదటి బండి పది అడుగులు కూడా నడవలేదు. బెల్టులో మంచు గడ్డకట్టి ఆగిపోయేది. ఒకసారి ఆయన్ని డ్రైవ్‌వేలో బోర్లా పడేసింది. నేను కంగారుగా పరిగెత్తితే, పడుకునే నవ్వుతూ, "ముందు బెల్టు చూడవయ్యా, నా నడుము ఎక్కడికీ పోదు" అన్నారు.

ఒక ఆదివారం వాళ్ళ వంటింట్లో ఆంటీ, అంటే మూర్తి గారి భార్య, బూందీ దూస్తున్నారు. ఈయన ఆ చిల్లుల గరిటెనే చూస్తూ ఉండిపోయారు. కాసేపటికి దాన్ని పట్టుకుని గరాజ్‌లోకి వచ్చేశారు. బెల్టుకి ఇలా చిల్లులు పెడితే మంచు కిందికి రాలిపోతుందన్నారు.

పెట్టారు. రాలిపోయింది. బండి వీధి చివరిదాకా వెళ్ళింది. వెనకాలే ఆంటీ గరిటె కోసం వచ్చారు.

నేను చేసిందేమిటి? ఆయన చెప్పినట్టు కంప్యూటర్‌లో డ్రాయింగ్ వేశాను. అంతే.

అయినా పేటెంట్‌లో తన పేరు పక్కన నా పేరు పెట్టారు. "నీ గ్రీన్ కార్డ్‌కి పనికొస్తుంది, ఉండనీ" అన్నారు. పనికొచ్చింది.

తర్వాత మా తెలుగు అసోసియేషన్ వాళ్ళు ఇద్దరికీ సన్మానం చేశారు. మైక్ నా చేతికి వచ్చింది. గరిటె కథ చెప్పాను. మా వంటింట్లో, మా ఆవిడ బూందీ దూస్తుంటే, నాకు తట్టిందని చెప్పాను.

మా ఆవిడకు బూందీ చేయడమే రాదు.

హాలంతా చప్పట్లు. ముందు వరసలో ఆంటీ తల దించుకున్నారు. ఆయన మాత్రం అందరితోపాటు చప్పట్లు కొట్టారు. బయట పార్కింగ్‌లో నా భుజం తట్టి, "బాగా చెప్పావయ్యా. స్టేజ్ ఎక్కితే నాకు మాట రాదు" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

తప్పయిందని చెప్పుకోవడానికి నాకు ఏళ్ళకేళ్ళు టైమ్ దొరికింది. ఇవాళ కాకపోతే రేపు అనుకుంటూ గడిపేశాను. సిగ్గుగా ఉంది.

నిన్న అదే ఫోన్‌లో శిరీష, శనివారం అంత్యక్రియలకి ముందు ఫ్యూనరల్ హోమ్‌లో ఆయన గురించి నన్ను మాట్లాడమంది. "మీ కిచెన్‌లో జరిగిన ఆ గరిటె స్టోరీ చెప్పండి అన్నయ్యా. డాడ్‌కి అది ఫేవరెట్. మాకు ఎప్పుడూ చెప్పేవారు."

కన్నకూతురికి కూడా ఆయన నా అబద్ధమే చెప్పారు.

శిరీషా, ఆ వంటిల్లు మీది. ఆ ఆలోచన మీ నాన్నది. శనివారం అందరి ముందూ ఇదే చెబుతాను. మళ్ళీ వెనక్కి తగ్గకుండా ఉండాలని ఇక్కడ రాసేస్తున్నాను.

వెళ్ళి రండి మూర్తి గారూ. మీరు ప్రశాంతంగా ఉండండి. నాకు మాత్రం ఆ ప్రశాంతత అప్పుడే దక్కకూడదు.