సవతి హోటల్

మా వాడ దగ్గరి కుంఠా నాకా కూడలిలో ఇప్పుడు మొబైల్ రిపేరు దుకాణం ఉన్నచోట ఒకప్పుడు రొట్టెల హోటల్ ఉండేది. అది మూతపడిన రోజు మా వాడంతా బాధపడింది. నేను మాత్రం లోలోపల సంబరపడ్డాను. నాకది సవతి.

మా ఆయన పవర్‌లూమ్ కార్ఖానాలో పనిచేసేవాడు. రోజూ జొన్నరొట్టె, పల్లి చట్నీ డబ్బాలో కట్టి పంపేదాన్ని. డబ్బా ఖాళీగానే తిరిగొచ్చేది. అందులోది పక్క మగ్గం అతను తింటున్నాడని, ఈయన మధ్యాహ్నం హోటల్‌కు పోతున్నాడని ఏడాదికి తెలిసింది. పోయి తినేదేంటి? అదే జొన్నరొట్టె, అదే పల్లి చట్నీ. మాంసం కోసం పోయినా సరిపెట్టుకునేదాన్ని. అడిగితే తోటివాళ్లు పోతుంటే పోతున్నానన్నాడు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా!

ఒకరోజు ఇంట్లో చుట్టిన బీడీలు కంపెనీలో అప్పజెప్పి వస్తూ నేనే వెళ్లి కూర్చున్నాను. హోటలామె నాకంటే చిన్నది. పెనం మీది రొట్టె నేరుగా పళ్లెంలో వేసి, చట్నీ మధ్యలో గుంట చేసి నూనె పోసింది. ఉల్లిగడ్డ గుప్పిటతో చితక్కొట్టి పక్కన పెట్టింది. తప్పు పట్టాలనే నములుతున్నాను, రెండు రొట్టెలు అయిపోయాయి. నా కళ్లలో నీళ్లు చూసి కారమైందా అని అడిగింది. అవునన్నాను. నిజానికి కడుపు మండుతోంది.

ఆ తర్వాత బీడీలు ఇచ్చిన ప్రతిసారీ వెళ్లేదాన్ని. మెత్తగా ఉండే ఆ రొట్టె, బెంచీ మీద ఒంటరిగా కూర్చుని ఎవరో వడ్డిస్తే తినడం, అన్నీ నచ్చేవి. అందుకే ఆమె మీద ఇంకా ఒళ్లు మండేది. ఇంటికొచ్చి అవే పల్లీలు, అదే కారం దంచితే ఆ రుచి వచ్చేది కాదు.

కార్ఖానాలు ఒక్కొక్కటే బందయ్యాక తినేవాళ్లు లేక హోటల్ మూసేసింది. ఆరు నెలలకు ఆమె కూడా చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. నేను బీడీలిచ్చే చోటికే వచ్చింది. నేనెవరి భార్యనో అప్పటికి ఆమెకు తెలిసిపోయింది. ఒకరోజు వరుసలో నా వెనక నిలబడితే ఇక ఆగలేక అడిగేశాను. ఆ చట్నీలో ఏమేసేదానివి?

"ఏం ఎయ్యలేదక్కా. మీ ఆయన చెప్పినట్టే దంచిన. ఎల్లిగడ్డ పొట్టు తియ్యకు, పల్లీలు బరకగ ఉంచు, మా ఇంట్ల గట్లనే చేస్తది అన్నడు. తంబాకు వాసన ఒక్కటి లేకుంటె చాలన్నడు."

ఇంటికొచ్చి నా వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పొగాకు వాసనేదీ తెలియలేదు. చిన్నప్పటి నుంచీ తంబాకులోనే పెరిగిన ముక్కు. చాట పక్కన పెట్టి, చెంగుకు చేతులు తుడుచుకుని దంచేదాన్ని. తుడుచుకున్నానంటే శుభ్రమైనట్టే అనుకునేదాన్ని. ఆయన ఒక్కనాడూ చెప్పలేదు. చెబితే బీడీలు మానలేనుగదా, బాధ మాత్రం పడేదాన్ని.

మర్నాడు చాట ముట్టలేదు. నిమ్మచెక్కతో చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నాను. ఎప్పటిలాగే దంచి, మధ్యలో గుంట చేసి నూనె పోసి ఆయన ముందు పెట్టాను. మొదటి ముద్దకే తలెత్తి చూశాడు. చాలా ఏళ్ల తర్వాత ఆ ముఖంలో అంత సంతోషం చూశాను.

"అచ్చం ఆ హోటల్ల లెక్కనే ఉన్నది," అన్నాడు.

నా చట్నీయే అది, మొదటి నుంచీ. ఆ మాట నోటిదాకా వచ్చింది. చెబితే నా చేతుల సంగతి కూడా చెప్పాలి. ఆమె మీద ఇంకోసారి కుళ్లుకుని, ఆయన పళ్లెంలో ఇంకో రొట్టె వేశాను.