సొంతింటికి అద్దె రాసిన నా యూరప్ చదువు

సొంత పెదనాన్నను సర్పంచ్ ఎన్నికలో ఓడించాలంటే మామూలుగా ఎదుటి వర్గంలో చేరాలి. లేదా వాళ్ల దగ్గర ఏదో ఒకటి తీసుకుని నోరు మూసుకోవాలి. నేను ఆ రెండూ చేయలేదు. ఆయన జెండా మోస్తూ, ఆయన ఇంట్లో అన్నం తింటూ, ఆయన గెలవాలని శనివారాలు ఉపవాసాలు కూడా ఉండి ఓడించాను. ఎలాగో చెబుతాను. నవ్వకుండా వినమని మిమ్మల్ని అడగను, మా ఊళ్లో ఇప్పటికీ ఎవరూ నవ్వకుండా వినడం లేదు.

అప్పుడు నేను నరసరావుపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో ఎకనామిక్స్ చెప్పే కుర్ర లెక్చరర్ని. సెలవుల్లో ఊరికే ఉండలేక ఆన్‌లైన్‌లో ఒక కోర్సు చేశాను. ఫలానా దేశం ఈ ఏడాది ఇంత సంపాదించిందని పేపర్లో చదువుతాం కదా. ఆ అంకెను ఎవరికి తోచినట్టు వాళ్లు వేస్తే ఒక దేశాన్ని ఇంకో దేశంతో పోల్చలేమని, యూరప్ దేశాలన్నీ కలిసి ఒక ఉమ్మడి రూల్స్ పుస్తకం పెట్టుకున్నాయి. కాలం మారిందని ఇప్పుడు ఆ పుస్తకాన్ని సవరిస్తున్నారు. ఆ సవరణల మీదే నా కోర్సు. సర్టిఫికెట్ ప్రింటు తీయించి లామినేషన్ చేయించిన రోజు నుంచి నా కాలు నేల మీద ఆనలేదు. నన్నొక మాట అడగకుండా వాళ్లు ఆ పుస్తకం ఎలా సవరిస్తున్నారో నాకు అర్థమయ్యేది కాదు.

అందులో నా మనసు దోచిన రూలు ఒకటుంది. అది పాతదే, కొత్త పుస్తకంలోనూ ఉంటుంది. సొంతింట్లో ఉండేవాడు తనకు తానే అద్దె కట్టుకుంటున్నట్టు లెక్క వేయాలి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇచ్చినవాడూ లేడు, పుచ్చుకున్నవాడూ లేడు, అద్దె మాత్రం ఉంటుంది. నిజానికి మన దేశంలోనూ ఇలాగే వేస్తారు. కానీ యూరప్ అంటే వినేవాళ్లకు కొంచెం బరువుగా ఉంటుందని నేను అలాగే చెప్పేవాణ్ణి.

ఈ రూల్స్ ప్రకారం మా ఊరి సంపాదన ఎంతో తేల్చి వ్యాసం రాద్దామని వంద ఫారాలు అచ్చు వేయించాను. చూడ్డానికి నిండుగా ఉంటుందని పైన యూరప్ జెండాలోని నక్షత్రాల గుండ్రం బొమ్మ కూడా వేయించాను. ఆ సంచీ భుజాన వేసుకుని ఈపూరు దగ్గరున్న మా ఊళ్లో బస్సు దిగేసరికి పంచాయతీ ఎన్నికలకు నామినేషన్లు పడి ఉన్నాయి. ఒకవైపు మా పెదనాన్న సాంబయ్య, ఇంకోవైపు అంకమ్మరావు. పెదనాన్న అప్పటికే రెండుసార్లు ఓడిపోయి ఉన్నాడు.

"ఒరేయ్ కోటీ, ఈసారి గూడా పోయిందంటే ఇంక నేను సెంటర్లో కూసోను. కండువా మడిచి పెట్లో పెట్టేత్తా," అన్నాడు. అంటూనే భుజం మీది కండువా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత నా సంచీ చూసి, "ఎటూ ఇల్లిల్లూ తిరుగుతానంటన్నావు గదా. తిరిగేటప్పుడు నా గురించి గూడా ఓ మాట చెప్పు," అన్నాడు.

మొదటి ఇల్లు నాగరత్నం పిన్నిది. పంచలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది.

"పిన్నీ, ఈ ఇల్లు మీ సొంతమేనా?"

"సొంతం గాకపోతే నీ బాబుదా? మా మావ కట్టిచ్చింది."

"దీనికి నెలకు అద్దె ఎంతుంటుంది?"

"మేం అద్దెకియ్యలేదబ్బాయ్. మేమే ఉంటన్నాం."

"అదే పిన్నీ, మీరే ఉంటున్నారు కాబట్టి మీకు మీరు ఎంత కట్టుకుంటున్నట్టు రాయను?"

తొడిమ తీస్తున్న చేయి ఆగింది. "ఎవరికి కట్టాలి?"

"ఎవరికీ కట్టక్కర్లేదు. కట్టినట్టు రాసుకుంటాను, అంతే."

"ఇయ్యాల కట్టినట్టు రాసుకుని, రేపు కట్టలేదేందని వత్తారా?"

"అబ్బే, రారు. ఇది యూరప్ వాళ్ల రూలు పిన్నీ."

"యూరపోళ్లకి మా ఇంటితో ఏం పని?" అని, ఫారం మీది నక్షత్రాల బొమ్మను ఎగాదిగా చూసి అసలు ప్రశ్న వేసింది. "మీ పెదనాన్న గెలిత్తే ఈ రూలు పెడతాడా?"

ఇక్కడ బుద్ధున్నవాడెవడైనా 'లేదు' అంటాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందన్నది నాలాంటివాణ్ణి చూసే అని ఉంటారు. పెదనాన్న గురించి ఓ మంచి మాట చెప్పాలని గుర్తొచ్చి, "ఆయన గెలిస్తే ఊరు ఊరంతా ఈ పద్ధతిలోకి వస్తుంది పిన్నీ. మనది ఆదర్శ గ్రామం అవుతుంది," అన్నాను.

నేను పదో ఇంటికి చేరేలోపు నా రూలు ఊరి చివరి ఇంటికి చేరిపోయింది. నన్ను చూడగానే తలుపులు మూసేస్తున్నారు. సాయంత్రానికి అంకమ్మరావు ఆటోకి మైకు కట్టించాడు. "అక్కల్లారా, అన్నల్లారా, మన ఇంట్లో మనం ఉంటానికి మనమే అద్దె కట్టాలంట. నిదానంగా ఆలోచించుకోండి," అని మూడు వీధులూ తిప్పాడు.

ఆ మైకు నా చెవిన పడకముందే నేను ఇంటికొచ్చి, వంటింటి గడప దగ్గర కూర్చుని అన్నం తింటూ మా ఇంటి ఫారం నింపుతున్నాను. మా పెద్దమ్మ సీతారావమ్మ పొయ్యి దగ్గరి నుంచే అడిగింది.

"ఏం రాశావు నాయనా?"

"ఇంటి అద్దె రాశాను పెద్దమ్మా. మన గేదె పాలు మనం తాగేవి రాశాను. దొడ్లో కాసిన బీరకాయలు కూడా రాశాను."

"అమ్మనియ్యి గూడా రాత్తారా?"

"ఆహా. ఇంట్లో వాడుకున్నా సంపాదనే."

"మంచిదే. మరి ఆ బీరకాయలు వండేది, వడ్డించేది, అంట్లు తోమేది?"

"అవి రాయరు పెద్దమ్మా."

"వంటమడిసిని పెట్టుకుంటేనో?"

"అప్పుడు రాస్తారు. జీతం ఇస్తాం కదా."

"ఇంకోళ్లు చేత్తే పని, నేను చేత్తే గాదు. యూరప్‌లో గూడా ఇంతేనా?"

"అక్కడా ఇంతే. కొత్త రూల్స్ ప్రకారం కావాలంటే పక్కన వేరే పట్టిక వేసుకోవచ్చంటున్నారు."

"అంటే పంక్తిలో కాకుండా పక్కన ఇస్తరేత్తారన్నమాట," అంది. నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. ఇంత కష్టమైన సిద్ధాంతం ఆవిడకు ఒక్క మాటలో బోధపడిందని నేను మురిసిపోయాను.

అంతలో పెదనాన్న వచ్చాడు. మైకు విని వచ్చాడు. ఆయన తిట్టినవన్నీ ఇక్కడ రాస్తే పత్రిక వాళ్లు వేయరు. "నీ చదువు మండ, అద్దెలు రాయమన్నానంట్రా నిన్ను?" అన్నది వాటిలోకెల్లా మెత్తనిది.

మర్నాడు ఆయనే సెంటర్లో జనాన్ని పోగుచేసి, "మీ ఇళ్లకి అద్దె లేదు, పాడూ లేదు. ఎవడన్నా వచ్చి అడిగితే నేను కడతా," అని గుండె మీద చెయ్యేసుకుని చెప్పాడు. వెనక నుంచి ఎవరో, "అయితే అడుగుతారన్నమాట," అన్నారు. చివరికి నా ఫారాలన్నీ బస్టాపు దగ్గర కుప్ప పోసి నా చేతే తగలబెట్టించాడు. నక్షత్రాలన్నీ మాడిపోయాక జనం కాస్త చల్లబడ్డారు. చాలామంది మళ్లీ మా వైపు వచ్చారు కానీ, గెలుపు మాత్రం నువ్వా నేనా అన్నట్టయింది.

"ఇంక నువ్వు నోరు తెరవబాక. పోలింగ్ రోజు అరుగు మీద కూసోని లిస్టు చూసుకో. మన ఓటు ఒక్కటి గూడా తప్పిపోగూడదు," అని పెదనాన్న నాకు ఓటర్ల లిస్టు ఇచ్చాడు. లెక్కలు తప్ప ఇంకేమీ రానివాడికి ఇంతకన్నా ఏం కావాలి? పరువు నిలబెట్టుకుందామని నడుం కట్టాను.

పోలింగ్ రోజు నా పనితనం మీరు చూసి ఉండాల్సింది. పిడుగురాళ్లలో సున్నం బట్టీల దగ్గర పనిచేసే మా వాళ్లను కార్లు పెట్టి తెప్పించాను. లారీ మీదున్న డ్రైవర్లకు ఫోన్లు చేసి దారి మళ్లించాను. లేవలేని పుల్లయ్య తాతను మంచంతో సహా మోయించాను. మా ఇంట్లో పొయ్యి దగ్గర సాయానికి కూలికి పెట్టుకున్న ఇద్దరాడవాళ్లను కూడా మర్చిపోలేదు, ఆటో ఎక్కించి పంపాను. ఓటేసి వచ్చిన ప్రతివాడూ నాకు వేలి మీద సిరా చూపించాలి. చూపిస్తేనే టిక్కు.

ఒక్క మా ఇంటి ఓట్లకే వేలు చూడలేదు. పొద్దున్నే లిస్టు తెరుస్తూనే ఆ నాలుగు ఓట్లకీ టిక్కు పెట్టేశాను. సొంతింటి ఓట్లు కదా, అవి పడినట్టే లెక్క.

మూడున్నరకు పోలింగ్ ముగిసింది. పెట్టెలు తెరిచి లెక్కపెడితే ఇద్దరికీ సరిగ్గా సమానంగా వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టినా సమానమే. ఆఫీసరు రెండు చీటీలు రాసి డబ్బాలో వేసి ఒకటి తీశాడు. అంకమ్మరావు పేరు వచ్చింది.

చీకటి పడకముందే మా అరుగంతా సంతాప సభలా అయింది. నేను లిస్టు పట్టుకుని లేచాను.

"మన తప్పు లేదు పెదనాన్నా. నా లిస్టు ప్రకారం మన ఓట్లు నూటికి నూరూ పడ్డాయి. పెట్టెలో మాత్రం ఒకటి తక్కువొచ్చింది. అంటే మనవాళ్లలోనే ఒకడు అటేశాడు."

"ఎవడ్రా వాడు?" అని పెదనాన్న అందరి మొహాలూ చూశాడు. మంచం మీదున్న పుల్లయ్య తాత మొహం అందరికన్నా ఎక్కువసేపు చూశాడు. "నన్నెందుకు చూత్తావురా, నేను మంచం దిగనన్నా దిగలేదు," అని ఆయన ఏడుపు మొదలుపెట్టాడు.

అప్పుడు పెద్దమ్మ లోపల్నుంచి విస్తళ్లు తెచ్చి అందరి ముందూ పరుస్తోంది. నా ముందు విస్తరి పరుస్తుంటే ఆవిడ ఎడం చేయి చూశాను. చూపుడు వేలు శుభ్రంగా ఉంది. సిరా చుక్క లేదు.

"పెద్దమ్మా," అన్నాను.

పెదనాన్న కూడా చూశాడు. "ఏమే, నువ్వు ఓటెయ్యలేదా?"

"ఎప్పుడేసేది? పొద్దున అరవై మందికి ఉప్మా. పదింటికి మజ్జిగ. మజ్జానం పులిహోర. కూలికొచ్చిన ఇద్దర్నీ ఓటుకని ఆటో ఎక్కిచ్చారు, వాళ్ల పని గూడా నేనే చేశా."

"ఒక్క మాట చెప్పొద్దా మరి?"

"పిడుగురాళ్ల నుంచి మడుసుల్ని కార్లలో తెచ్చారు. పుల్లయ్య మావని మంచంతో మోసుకుపోయారు. నాలుగిళ్ల అవతలే గదా బూత్, నాకోసం గూడా ఎవరన్నా వంటింటి గడప దాకా వత్తారని కొత్త చీర గట్టుకోని కూసున్నా. మూడున్నర దాకా చూశా." ఆవిడ గొంతులో కోపం లేదు, అదే నన్ను చంపేసింది. నా విస్తట్లో అన్నం వడ్డిస్తూ అంది. "ఎవరూ రాకపోతే, నాది గూడా పడేసి ఉంటాడులే మా కోటిగాడు అనుకున్నా. కట్టకుండానే కట్టినట్టు రాసేవోడివి గదా నాయనా నువ్వు."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా పెదనాన్న రచ్చలో సరిసమానంగా నిలబడి, ఇంట్లో ఓడిపోయాడు. ఆ ఓటమి నా చేతి వ్రాతతో, నా టిక్కుతో ఉంది. పెదనాన్న తన విస్తరి ఆమె వైపు జరిపి, "ముందు నువ్వు తిను," అన్నాడు. "అందరిదీ అయినాక తింటాలే," అంది పెద్దమ్మ. అరుగు మీద ఒక్కడు కూడా ముద్ద ఎత్తలేదు.

కనుక కోటప్పకొండ స్వామి సాక్షిగా, ఎకనామిక్స్ సాక్షిగా, ఈ వ్యాసం చదివిన మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా కళ్లతో చూడనిదేదీ ఇక జన్మలో 'పడినట్టే' అని రాయను. వచ్చే ఎన్నికల్లో లిస్టు నా చేతికి ఎవరూ ఇవ్వరని తెలుసు. ఇచ్చినా ఇవ్వకపోయినా పోలింగ్ రోజు పొద్దున్నే మొదటి కారు మా పెద్దమ్మకే. బూత్ నాలుగిళ్ల అవతలే ఉన్నా సరే, కారు వంటింటి గుమ్మం దాకా వస్తుంది, డ్రైవరు నేనే, ఆ పూట ఉప్మా మా పెదనాన్న చేస్తాడు.